స్వచ్ఛంద సంస్థల కోసమని అమ్మిన వెబ్ ప్యాకేజీ: ఏడాది వాడిన తరువాత ఒక కోశాధికారి సమీక్ష

సికింద్రాబాదులో పార్శీగుట్ట దగ్గర రెండు గదుల అద్దె ఇంట్లో మా సంస్థ సాయంత్రం పూట పిల్లలకు చదువు చెబుతుంది. 64 మంది పిల్లలు, ఆరుగురు టీచర్లు, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరి తెచ్చిన పుస్తకాలతో నిండిన రెండు బీరువాలు, గోడకు ఒక నల్లబల్ల. అంతకు మించి ఆస్తిపాస్తులు లేవు. నేను ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరులో పనిచేసి రిటైరైన మనిషిని, ఈ సంస్థకు కోశాధికారిని. 2024 ఏప్రిల్‌లో మా కార్యవర్గం అమీర్‌పేటలోని ఒక చిన్న కంపెనీ దగ్గర, స్వచ్ఛంద సంస్థల కోసం ప్రత్యేకంగా తయారు చేశామని చెప్పి అమ్ముతున్న ఏడాది వెబ్ ప్యాకేజీని 48,000 రూపాయలకు, జీఎస్టీ అదనంగా, తీసుకుంది. అది మాకు నాలుగు నెలల అద్దె. 2025 మార్చితో గడువు ముగిసింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి ప్యాకేజీలు నగరంలో పదిచోట్ల దొరుకుతాయి, వాటిలో సరుకు కూడా ఇంచుమించు ఒకటే. మాలాంటి మరో సంస్థ డబ్బు కట్టే ముందు ఏమేమి అడగాలో తెలియడానికి ఈ సమీక్ష ఉపయోగపడితే చాలు.

ప్యాకేజీలో ఉన్నవి ఇవి: సంస్థ పేరు మీద ఒక డొమైన్ (వెబ్‌సైటు చిరునామా), దానికి హోస్టింగ్ (సైటును ఇంటర్నెట్టులో ఉంచే చోటు), ఐదు పేజీల వెబ్‌సైటు, విరాళాలు తీసుకోవడానికి పేమెంట్ గేట్‌వే, ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ నెలకు పన్నెండు పోస్టులు, గూగుల్ ఉచిత ప్రకటనల కోసం దరఖాస్తు పెట్టించడం. మాకు అప్పటివరకు ఉన్న సాధన సంపత్తి అంతా ఒక రశీదు పుస్తకం, ఒక కార్బన్ కాగితం, వాటిని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ముగ్గురు పెద్దమనుషులు. వినాయక చవితికి ముందు నెల రోజులు ఎవరి గుమ్మం ఎక్కినా గణేశ్ చందాకు వచ్చామనుకుని తలుపు సగమే తెరిచేవారు. మా పాత దాతల పిల్లలు కొంపల్లికి, మియాపూర్‌కు, కొందరు అమెరికాకు వెళ్లిపోయారు. ఆ ముగ్గురు పెద్దమనుషుల మోకాళ్లు కూడా వెనకటిలా లేవు. అందుకే ఇంటర్నెట్టు వైపు చూశాము.

మొదట వెబ్‌సైటు రూపం సంగతి. మొదటి పేజీలో ఒకదాని తరువాత ఒకటిగా జరిగే బొమ్మల్లో ఉన్న పిల్లలు మా పిల్లలు కారు, వాళ్ల వెనక కనిపించే పచ్చటి కొండలకూ మా గుట్టకూ ఎలాంటి చుట్టరికమూ లేదు. దాని కింద సున్నా దగ్గర మొదలై గిర్రున తిరుగుతూ పెరిగే అంకెలు ఉండేవి. అవి చివరికి "5000కు పైగా జీవితాల్లో వెలుగు" అన్న చోట ఆగేవి. మా అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూసి, "మనమెప్పుడయ్యా ఐదు వేల మందికి చదువు చెప్పాం?" అని నన్ను అడిగాడు. కంపెనీ అబ్బాయికి ఫోన్ చేస్తే, "అది డెమో నంబర్ సార్, మారుస్తాం, కానీ కొంచెం పెద్దది ఉంటేనే డోనర్లకు నమ్మకం వస్తుంది" అన్నాడు. మార్చడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజుల్లో, పదేళ్లుగా మాకు ఏటా వెయ్యి రూపాయలు ఇచ్చే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఆ పేజీ చూసి, ఐదు వేల మంది ఉన్న సంస్థకు తన వెయ్యి ఎందుకని నన్నే అడిగారు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడు అక్కడ 64 అన్న అంకె కదలకుండా ఉంది, దాని పక్కన ఈ ఏడాది పదో తరగతి రాసినవారు తొమ్మిది మంది అని ఉంది, ఆ హెడ్మాస్టరు గారు మళ్లీ వెయ్యి పంపారు.

తెలుగు విషయంలో ప్యాకేజీకి నేను ఇచ్చే మార్కులు చాలా తక్కువ. ఐదు పేజీలూ ఇంగ్లీషులోనే ఇచ్చారు. మా పిల్లల తల్లిదండ్రులు, మా టీచర్లలో సగం మంది, మా దాతల్లో ముప్పాతిక మంది తెలుగులో చదువుకునేవారే కదా అంటే, మీ కరపత్రం ఉంటే ఇవ్వండి, అందులోది ఎక్కిస్తాం అన్నారు. మా కరపత్రాలన్నీ చిక్కడపల్లిలో ఒక డీటీపీ ఆయన అను ఫాంట్లలో కొట్టిపెట్టినవి. ఆ ఫైలులోంచి అక్షరాలను తీసి వెబ్‌సైటులో పెడితే "పుస్తకాలు" అన్న మాట ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, డాలరు గుర్తులు వరసకట్టి కనిపించాయి. కారణం తెలిసినవారికి తెలిసినదే: అచ్చుపని కోసం తయారైన అలాంటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదనే తెలుగు బొమ్మలను అతికించారు కాబట్టి ఆ ఫాంటు లేని చోట తెలుగు మాయమైపోతుంది. ప్రపంచ భాషల అక్షరాలకు వేరువేరు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పు నుంచే సొంత చోటు ఉంది, అందులో రాసినది ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపిస్తుంది.

కంపెనీవారు చూపిన పరిష్కారం కరపత్రాన్ని ఫొటో తీసి పేజీలో అతికించడం. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, ఫొటోలో ఉన్న మాటలు వెతికితే సులువుగా దొరకవు, ఫోను తెర మీద అక్షరం చీమంత అవుతుంది, చూపు లేనివారికి తెర మీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు అక్కడికి వచ్చి మూగబోతుంది. చివరకు మా దగ్గర లెక్కలు చెప్పే డిగ్రీ విద్యార్థిని ఒకామె కరపత్రం మొత్తాన్ని ఫోనుకు చదివి వినిపించి, అది రాసుకున్నదాన్ని దిద్ది, రెండు సాయంత్రాల్లో పని ముగించింది. ఉచితంగా దొరికే మండలి ఫాంటు వాడాము. ఆ తెలుగు పేజీ వచ్చిన నెలలోనే తార్నాక నుంచి రిటైరైన ఒక లెక్చరరు గారు, "మీకు భౌతికశాస్త్రం చెప్పేవారు కావాలని రాశారు, నేను పనికొస్తానా?" అని ఫోన్ చేశారు. ఆయన ఇప్పుడు వారానికి మూడు రోజులు వస్తున్నారు. ఏడాది మొత్తం మీద ఈ ప్యాకేజీ వల్ల మాకు కలిగిన లాభాల్లో నేను మొదట రాసుకునేది ఆయన పేరే, ఆ పేజీకి ప్యాకేజీలో పైసా ఖర్చు కాలేదన్నది వేరే సంగతి.

ఇక విరాళాల దగ్గరికి వస్తాను, నాకు తెలిసిన పని ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

కంపెనీ పెట్టిన గేట్‌వే పని చేసింది, అందులో అబద్ధం లేదు. కార్డు మీద వచ్చిన ప్రతి వందకూ రెండు రూపాయలూ దానిమీద జీఎస్టీ పోయి మిగిలినది రెండు మూడు పనిదినాల్లో మా ఖాతాలో పడేది. కానీ మా దాతలు కార్డు తీసే రకం కాదు, కూరగాయల బండి దగ్గర కూడా ఫోను తీసి స్కాన్ చేసే రకం. యూపీఐ 2016లో వచ్చింది, వ్యాపారుల నుంచి దాని మీద వసూలు చేసే రుసుమును 2020 జనవరి నుంచి ఎత్తివేశారు. అలాంటప్పుడు మా బ్యాంకు ఖాతాకు నేరుగా ముడిపడిన క్యూఆర్ కోడును పేజీలో పెట్టమని నేను అడిగితే, అది గేట్‌వే ద్వారానే రావాలని కంపెనీవారు రెండు నెలలు వాదించారు. పెట్టించాక చూస్తే ఏడాది మొత్తం ఆన్‌లైన్ విరాళాల్లో అయిదింట నాలుగు వంతులు ఆ నలుపు తెలుపు గళ్ల బొమ్మ మీద నుంచే వచ్చాయి.

అయితే క్యూఆర్ కోడుకు ఒక లోపం ఉంది, దానిని గేట్‌వే అమ్మేవారు చెప్పరు, క్యూఆర్ పెట్టుకున్నవారికి మార్చి నెల వచ్చేదాకా తెలియదు. డబ్బు వస్తుంది, పంపినవారి పేరు సగం సగంగా వస్తుంది, పన్నెండు అంకెల లావాదేవీ సంఖ్య వస్తుంది, పాన్ మాత్రం రాదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద దాతకు పన్ను మినహాయింపు ఇప్పించగల సంస్థ 2021-22 నుంచి ప్రతి దాత పేరు, చిరునామా, పాన్ లేదా ఇతర గుర్తింపు సంఖ్య, ఇచ్చిన మొత్తం, ఇచ్చిన విధానం వివరిస్తూ ఫారం 10బీడీని ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాత మే 31లోగా ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో దాఖలు చేయాలి. అది చేసిన తరువాతనే దాతకు 10బీఈ అనే సర్టిఫికెట్టు పుడుతుంది, అది లేకుండా మేము కొట్టిచ్చిన రశీదు ఎంత ముచ్చటగా ఉన్నా దాతకు మినహాయింపు దగ్గర అక్కరకు రాదు. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల చొప్పున రుసుము. మా రశీదు పుస్తకంలో కూడా ఈ వివరాలు అడిగే చోటు లేనందువల్ల 2024 మే నెలలో, అంటే కొత్తగా క్యూఆర్ పెట్టకముందే, అందులోని పాత దాతలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పాన్ నంబరు అడగవలసి వచ్చింది. ఈ రోజుల్లో ఫోనులో పాన్ అడిగితే సైబర్ మోసగాడనుకుంటారు. నన్ను ఇద్దరు అలాగే అనుకున్నారు, ఒకాయన పోలీసులకు చెబుతానని కూడా అన్నాడు.

తరువాత క్యూఆర్ కోడు కింద నాలుగు గళ్ల ఫారం ఒకటి పెట్టించాము: పేరు, పాన్, చిరునామా, పన్నెండు అంకెల లావాదేవీ సంఖ్య. దాని పైన రెండు వాక్యాలు తెలుగులో రాశాము, ఈ వివరాలు ఎందుకు అడుగుతున్నామో, 10బీఈ ఎప్పుడు వస్తుందో చెబుతూ. అదే పేజీలో మరో రెండు సంగతులు కూడా దాచకుండా రాశాము: నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మొత్తానికి 80జి మినహాయింపు లేదని, కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి అసలు ఈ మినహాయింపే వర్తించదని. ఇది రాస్తే విరాళాలు తగ్గుతాయని కంపెనీ అబ్బాయి బెంగపెట్టుకున్నాడు. తగ్గలేదు. వివరాలు నింపిన రోజునే నేను రశీదు పంపేవాణ్ణి. ఆ అలవాటు వల్ల నాకు బోధపడిన సంగతి ఏమిటంటే, డబ్బు పంపిన రోజు సాయంత్రానికి రశీదు అందినవారిలో సగం మందికి పైగా ఆ ఏడాదిలోనే రెండోసారి పంపారు. పాత రోజుల్లో కార్బన్ రశీదును చేతికి ఇచ్చి నమస్కారం పెట్టేవాళ్లం, ఇంటర్నెట్టులో ఆ నమస్కారం స్థానంలో ఉన్నది రశీదు వెళ్లే వేగమే. 2025లో ఫారం 10బీడీని మే పదో తేదీకే దాఖలు చేశాను, ఒక్కరికీ ఫోన్ చేయలేదు.

ఈ ప్యాకేజీలో నన్ను నిజంగా భయపెట్టిన ఘటన 2024 జులైలో జరిగింది. మా సభ్యుడు ఒకాయన తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. అన్నగారు పంపిన లింకు చూసి ముచ్చటపడి 250 డాలర్లు కార్డు మీద కట్టేశాడు. అతను అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు, చేతిలో భారత సంతతి విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. మన చట్టం దృష్టిలో ఓసీఐ కార్డు ఉన్నా అతను విదేశీయుడే, అతని డబ్బు విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దానిని తీసుకోకూడదు. ఉన్నవారు కూడా 2020 సవరణ తరువాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే మొదట తీసుకోవాలి. మాకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. విదేశీ కార్డులు పనిచేసే మీటను ఎవరు నొక్కారని అడిగితే, "అందరికీ ఆన్ చేసే ఇస్తాం సార్, ఎన్నారైలు ఎక్కువ కదా మనకి" అని సమాధానం. డబ్బు మా ఖాతాలో జమ కాకముందే ఫోనుకు సందేశం వచ్చింది కాబట్టి సరిపోయింది, అదే సాయంత్రం వెనక్కి పంపించేశాము, మా ఆడిటరు గారు నాకు చిన్నపిల్లవాడికి చెప్పినట్టు అరగంట క్లాసు పీకారు.

విదేశాల్లో ఉంటున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకింగ్ మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కాబట్టి ఇప్పుడు మా పేజీలో విదేశీ కార్డులు పనిచేయవు, ఎన్నారైలు భారతీయ ఖాతా నుంచి పంపాలని, పాస్‌పోర్టు నకలు జతచేయాలని ఒక గమనిక ఉంది. హైదరాబాదులో ప్రతి వీధికీ అమెరికాలో ఒక కొడుకో కూతురో ఉన్న కాలంలో, స్వచ్ఛంద సంస్థలకు ప్రత్యేకమని చెప్పుకునే ప్యాకేజీకి ఈ తేడా తెలియకపోవడాన్ని నేను చిన్న లోపంగా చూడలేను.

గూగుల్ ప్రకటనల సంగతి కొంత హాస్యం. "నెలకు ఎనిమిది లక్షలు గూగుల్ ఇస్తుంది సార్" అని అమ్మకపు అబ్బాయి మొదటి రోజు చెప్పినప్పుడు మా కార్యవర్గంలో ఒకాయన ఆ డబ్బుతో సొంత భవనం లెక్క కూడా వేశాడు. నిజానికి లాభాపేక్ష లేని సంస్థలకు గూగుల్ ఇచ్చేది నెలకు 10,000 డాలర్ల వరకు విలువ చేసే ప్రకటనల చోటు, చేతికి ఒక్క రూపాయి రాదు. ఎవరైనా గూగుల్‌లో వెతికినప్పుడు ఫలితాల పేజీలో అక్షరాల ప్రకటన కనిపిస్తుంది, అంతే. దానికి షరతులు ఉన్నాయి: ప్రకటన చూసినవారిలో కనీసం ఐదు శాతం మంది దానిమీద నొక్కాలి, "చదువు", "విరాళం" వంటి ఒంటి మాటలను ఎంచుకోకూడదు, ఖాతాను ఎవరో ఒకరు శ్రద్ధగా చూసుకుంటూ ఉండాలి. ప్రభుత్వ సంస్థలు, ఆసుపత్రులు, పాఠశాలలు ఈ పథకానికి అర్హమైనవి కావు. పెద్ద సంస్థకు, ఒక జబ్బు గురించో ఒక హక్కు గురించో సమాచారం పంచే సంస్థకు ఇది వరమే, ఎందుకంటే ఆ జబ్బుతో ఉన్నవారు దాని పేరుతోనే వెతుకుతారు. పార్శీగుట్టలో సాయంత్రం బడి కోసం గూగుల్‌లో వెతికేవారు ఎవరు? మేము దరఖాస్తు పెట్టించుకోలేదు. అదే పథకం కింద సంస్థ పేరుతో ఈమెయిల్ చిరునామాలు ఉచితంగా దొరుకుతాయి, మాలాంటివారికి అసలు విలువ అక్కడ ఉంది. మా పాత ఈమెయిల్ మునుపటి కార్యదర్శి గారి సొంతది, ఆయన పోయాక పాస్‌వర్డు కోసం వాళ్లబ్బాయి చుట్టూ మూడు నెలలు తిరిగాము.

సామాజిక మాధ్యమాల పోస్టులు నెలకు పన్నెండు చొప్పున తప్పకుండా పడ్డాయి. వాటిలో ఏడెనిమిది పండుగ శుభాకాంక్షలు, జయంతులు, వర్ధంతులు. మిగిలిన వాటికి మా పిల్లల ఫొటోలు అడిగేవారు, అవి కూడా నవ్వుతున్నవి వద్దు, కొంచెం దిగులుగా ఉన్నవి కావాలనేవారు. ఆగస్టులో అలాంటి ఒక పోస్టు పడింది: ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి, చినిగిన సంచీ, కింద పేదరికం గురించి నాలుగు పెద్ద మాటలు. మరునాడు ఆ అమ్మాయి తల్లి బడికి వచ్చింది. నాలుగిళ్లలో పనిచేసుకునే మనిషి, కూర్చోమన్నా కూర్చోలేదు. "సార్, నా బిడ్డ ఫొటో ఫోన్ల పెట్టిన్రట గదా. మేం బీదోళ్లమని ఊరంత చెప్పుకునుడు మాకెందుకు సార్? ఆ సంచి ఎట్లనో చినిగింది, గంతె. రేపు దాని దోస్తులు చూస్తె ఏమనుకుంటరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. నేను అప్పటికప్పుడు తీసేయించాను, ఆమెకు చూపించాను, అయినా ఆ అమ్మాయి వారం రోజులు రాలేదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారి సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని చెబుతోంది, చట్టం లేకపోయినా ఆ తల్లి అడిగినది అడగకపోదు. ఆ రోజు నుంచి పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టడం మానేశాము. నోటు పుస్తకంలో ఒక పేజీ, నల్లబల్ల మీద సగం చెరిపిన లెక్క, బీరువాలో కొత్తగా చేరిన పుస్తకాల వెన్నులు, ఇవి పెడుతున్నాము. వీటికి లైకులు తక్కువే వస్తాయని కంపెనీ నెల నివేదికలో ఎర్ర అక్షరాలతో రాసింది. లైకులు ఇచ్చేవారిలో విరాళం ఇచ్చినవారు ఎందరని నేను అడిగితే ఆ గడి నివేదికలో లేదన్నారు. నేనే ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని చూసుకున్నాను: ఏడాదిలో ఆన్‌లైన్‌లో ఇచ్చిన 71 మందిలో మాకు గానీ మావాళ్లకు గానీ ఏ పరిచయమూ లేనివారు ముగ్గురు.

ఆ అంకె చూసి మావాళ్లు కొందరు నిరుత్సాహపడ్డారు గానీ నాకది సహజంగానే తోచింది. 1901 సెప్టెంబరు 1న ఇదే నగరంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. ఒకరి ఇంట్లో, ఒకరినొకరు ఎరిగినవారి మధ్య పుట్టిన సంస్థ అది. దూరపు కొండలు నునుపు అన్నట్టు, తెర అవతల లక్షల మంది దాతలు ఉన్నారని అమ్మేవారు చూపిస్తారు, చిన్న సంస్థకు ఇంటర్నెట్టు చేసే మేలు ఇప్పటికే మనల్ని ఎరిగినవారిని చేజారకుండా చూడటం. ఆ పని ప్యాకేజీలోని ఏ భాగం కన్నా మా వాట్సాప్ బాగా చేసింది. మొదట గ్రూపు పెట్టాము, నాలుగు రోజుల్లో అది శుభోదయాలతో, దేవుడి బొమ్మలతో నిండి మా మాట అడుగున పడిపోయింది. దాన్ని ఆపి, ఒకే సందేశం అందరికీ విడివిడిగా చేరే బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టుకున్నాము. ఒక జాబితాలో 256 మందినే చేర్చగలం, పైగా మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. ఇది తెలియక మొదటి రెండు నెలలు సగం మందికి సందేశమే వెళ్లలేదు. ఇప్పుడు రశీదు పంపేటప్పుడే ఈ నంబరును దాచుకోండి అని ఒక ముక్క చేరుస్తాము. నెలకు ఒక్క సందేశమే పంపుతాము: ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, వచ్చే నెల ఏమి కావాలి. ఫలానా నెల రెండు ఫ్యాన్లు కావాలని రాస్తే మూడు వచ్చాయి.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల విషయంలో ప్యాకేజీ ఏమీ చెప్పలేదు గానీ వెబ్‌సైటు మాత్రం అక్కరకు వచ్చింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ఆ సెక్షన్ పరిధిలోకి వచ్చే పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం ఖర్చు పెట్టాలి, ఆ డబ్బు అందుకునే సంస్థ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. హైటెక్ సిటీలోని ఒక కంపెనీ అధికారిణి మమ్మల్ని చూడటానికి వచ్చే ముందే ఫోనులో ఆరు పత్రాలు అడిగారు: సొసైటీ రిజిస్ట్రేషన్, సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ, 80జి, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ సంఖ్య, సీఎస్‌ఆర్-1 సంఖ్య, మూడేళ్ల ఆడిట్ లెక్కలు. నేను బ్యాంకు అలవాటు కొద్దీ వాటన్నిటినీ వెబ్‌సైటులో ఒక పేజీలో పెట్టించి ఉన్నాను. ఎవరూ చూడని పేజీ అని కంపెనీ అబ్బాయి నవ్వాడు కూడా. ఆవిడ లింకు చూసి, "ఇది ఉన్నవాళ్లు తక్కువండి" అన్నారు, మూడు వారాల్లో ఇరవై బెంచీలు, నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. ఏడాది మొత్తంలో ఆ పేజీ తెరిచినవారు నలభై మంది కూడా ఉండరు.

గడువు ముగిసే ముందు చివరి చిక్కు ఒకటి బయటపడింది. మేము పునరుద్ధరించుకోము, డొమైన్ మాకు అప్పగించండి అంటే, అది వారి కంపెనీ పేరు మీద నమోదై ఉందని, బదిలీకి 6,000 రూపాయలు అవుతుందని చెప్పారు. ఇల్లు మనం కట్టుకుని పట్టా మేస్త్రీ పేరు మీద రాయించినట్టు ఉంది వ్యవహారం. ఒప్పందం కాగితం తీసి చూస్తే డొమైన్ సంస్థదే అని స్పష్టంగా ఉంది, దాని నకలు పంపి, కార్యవర్గం లెటర్‌హెడ్డు మీద ఉత్తరం రాసి, పదహారు రోజులకు రుసుము లేకుండా బదిలీ చేయించుకున్నాము. ఆ మాత్రం కాగితం లేకపోయి ఉంటే మా రశీదుల మీద, కరపత్రాల మీద, బోర్డు మీద అచ్చయిన చిరునామాను వదులుకోవలసి వచ్చేది.

కంపెనీకి న్యాయం చేయాలి కాబట్టి ఇది కూడా రాస్తాను: వెబ్‌సైటు ఏడాదిలో ఒక్కసారే ఆగింది, అదీ మూడు గంటలు, ఫోన్ చేస్తే ఎత్తారు, అబ్బాయిలు మర్యాదస్తులు. అడిగినది చేయడం వారికి వచ్చు, ఏమి అడగాలో మనకు చెప్పడం రాదు. వ్యాపార దుకాణాలకు అమ్మే సరుకునే మాకూ అమ్మారు, పైన పేరు మార్చారు. ఏటా లక్షల్లో విరాళాలు వచ్చే సంస్థకు, సొంతంగా కంప్యూటరు చూసుకునే మనిషి లేని సంస్థకు ఈ ధర మరీ ఎక్కువ కాకపోవచ్చు. మాకు మాత్రం 48,000లో దాదాపు పదివేల పనే అక్కరకు వచ్చింది. అయిదుకు రెండు ఇస్తాను.

2025 ఏప్రిల్ నుంచి డొమైన్, హోస్టింగ్ మా పేరు మీదే ఉన్నాయి, రెండింటి పాస్‌వర్డులు మూసిన కవరులో రశీదు పుస్తకాల బీరువాలో ఉన్నాయి, తెలుగు పేజీని మార్చడం ఆ డిగ్రీ అమ్మాయి మరో ఇద్దరికి నేర్పింది. పోస్టుల పని ఆపేశాము. 10బీడీకి కావలసిన గళ్లన్నీ ఒక వరసలో ఉండేలా ఫారాన్ని దిద్దించడానికి ఉప్పల్‌లో ఉండే మా పాత విద్యార్థి ఒకడు వచ్చే ఆదివారం వస్తానన్నాడు, భోజనం పెడితే చాలన్నాడు.